మీటర్ చూసి బండెక్కే సారు

పులివెందులలో కూతురింట్లో ఉంటున్న మా పెద్దసారు పోయారని ఆఫీసు డ్రైవర్ ఫోన్ చేసినప్పుడు, నేను వేంపల్లెలో ప్రొద్దుటూరు బస్సు కోసం నిలబడి ఉన్నాను. అటు వెళ్లాల్సినదాన్ని రోడ్డు దాటి పులివెందుల బస్సెక్కాను.

ప్రభుత్వ కాలువ పనుల ఖర్చులు పరిశీలించే మా ప్రొద్దుటూరు ఆఫీసుకు, రిటైరయ్యేదాకా ఆయనే పెద్ద. కాంట్రాక్టర్లు అడిగే రేట్లు సబబో కాదో లెక్కగట్టి నోట్ రాయడం నా పని. సారు ఏ బండి ఎక్కినా, చివరికి ఆటో అయినా, దారి ఎంతో తేల్చుకోడానికి ముందు వంగి కిలోమీటర్ల మీటర్ చూసేవారు. తినడానికి బొరుగుల ఉగ్గాని పొట్లం ఇంటినుంచే తెచ్చుకునేవారు. కాంట్రాక్టర్ల టీ ముట్టేవారు కాదు. "ఆ టీ తాగితే నోరు మెత్తబడతాది పాపా" అనేవారు. మా టీలు మాత్రం అడిగి మరీ తాగేవారు.

నేను చేరిన కొత్తలో, జమ్మలమడుగు వైపు కాలువ పనికి గ్రావెల్ తోలే రేటు పెంచమని చాపాడు ఊరి కాంట్రాక్టర్ ఒకాయన అడిగాడు. మ్యాప్‌లో చూస్తే క్వారీ దగ్గరే ఉంది. కుదరదని రాశాను. సారు చదివి, "రా, టిప్పర్ ఎక్కుదాం" అన్నారు.

వాగు దగ్గర టిప్పర్ ఆగింది. దారి మీదుగా నీళ్లు పారుతున్నాయి.

"ఈడ ఎప్పుడూ ఇంతేనా అప్పా?" అని సారు డ్రైవర్‌ను అడిగారు.

"డ్యాము నిండినప్పటినుంచి ఇంతే సార్. శానా దూరం సుట్టు తిరిగి పోతాండాం."

"మ్యాపులో వాగుకు నీళ్లు కనపడవు పాపా" అని సారు నాతో అంటూ, ఉగ్గాని పొట్లం డ్రైవర్ చేతిలో పెట్టారు.

చుట్టు తిరిగి క్వారీ చేరాక మీటర్ చూస్తే, మ్యాప్‌లో కన్నా దూరం చాలా ఎక్కువ తేలింది. రేటు పెంచాల్సిందే. కానీ కాదన్న నేనే ఔనంటే, అమ్ముడుపోయిందని అందరూ అంటారు. ఆ భయంతో కొత్త నోట్ రాశానే గానీ సంతకానికి చేయి ఆడలేదు. ఆఫీసులో కిందివాళ్లు పెట్టాకే పైవాళ్లు పెడతారు. సారు నోట్ లాక్కుని ముందు తన సంతకం పెట్టేశారు.

"అడిగేటోళ్లు నన్నడగనీ. నువ్వు నిజమే రాసినావు, నిమ్మళంగా పెట్టు."

అనుకున్నట్టే విచారణ వచ్చింది. వచ్చినవాళ్లనూ సారు టిప్పర్ ఎక్కించి, వాళ్లకూ ఉగ్గాని పెట్టారు. తిరిగొచ్చాక వాళ్లు నన్ను ఒక్క మాట అడగలేదు. ఈ ఉద్యోగంలో ఇవాళ్టికీ తలెత్తుకుని కూర్చుంటున్నానంటే ఆయన చలవే. ఆయన ఉండగా ఈ మాట చెప్పలేదు, చెప్తే వెక్కిరిస్తారని.

నేను పులివెందుల చేరాక, సారును సొంతూరికి తీసుకెళ్లే బండిలో ఆయన కూతురు వెనక కూర్చుంది. నాకు ముందు సీటు ఇచ్చారు. ఎక్కబోతూ, నాకు తెలియకుండానే వంగి మీటర్ చూశాను.

"ఏంది సూస్తాండావమ్మా?" అన్నాడు ఆ బండి డ్రైవర్.

వెనకనుంచి సారు కూతురు ఏడుపులోనే నవ్వింది.

"సూడనీ అప్పా" అంది. "సూసినాకనే పోదాం."