కాంట్రాక్టర్ కొనిచ్చిన స్పీకర్

మా చెక్కభజన బృందానికి ఊరూరా వెంట తీసుకెళ్లే స్పీకర్ ఒకటి కావాలంటే, మా ఊరి కాంట్రాక్టర్ తాను కొనిస్తానన్నాడు. డబ్బు తనది గనక చెవులు కూడా తనకే ఉన్నాయనుకునే రకం.

కడపలో అంగడికి వెళ్లాక నేను మైకు పట్టుకుని ఒక చరణం పాడాను. అంగడతను ఎకో నాబ్ కొంచెం తిప్పాడు. నా గొంతు బావిలోంచి వచ్చినట్టు మోగింది. కాంట్రాక్టర్ ముఖం వెలిగిపోయింది.

“ఇంకా తిప్పప్పా,” అన్నాడు.

“ఇంత ఎకో ఉంటే పాటలో మాటలు తెలీవన్నా,” అన్నాను.

“పాటకు మాటలెందుకప్పా? సౌండు శానా ఉండల్ల.”

గోడకు చెప్పినా ఒకటే, ఆయనకు చెప్పినా ఒకటే. చక్రాలూ రంగు లైట్లూ ఉన్న అన్నిటికన్నా పెద్ద డబ్బాను పుచ్చకాయను తట్టినట్టు తట్టి చూసి, కొనేశాడు.

మొదటి కార్యక్రమం కమలాపురంలో. మేం మొదలుపెట్టకముందే కాంట్రాక్టర్ ఎకో నాబ్‌ను చివరిదాకా తిప్పిపెట్టాడు. నేను పాడిన ప్రతి మాటా తిరిగొచ్చి తర్వాతి మాట మీద పడింది. ఏది పాటో ఏది దాని ఎకోనో తెలియక మావాళ్ల చెక్కలు తాళం తప్పాయి. ముందు వరుసలో కాంట్రాక్టర్ మాత్రం తల ఊపుతూనే ఉన్నాడు. పాట పూర్తికాకముందే వేదికెక్కి, నా చేతిలోని మైకు లాక్కుని ప్రసంగం మొదలుపెట్టాడు. తన గొంతే తనకు ఎదురొచ్చేసరికి ఉలిక్కిపడ్డాడు.

“ఆ ఎకో తీసేయప్పా! నా మాటలు జనానికి తెలియల్ల గదా!”

తీసేశాను. ఆయన ప్రతి మాటా చివరి వరుస దాకా స్పష్టంగా వినబడింది. ఆ స్పీకర్ ఎవరు కొనిచ్చారన్నది తప్ప ఆ ప్రసంగంలో ఇంకేమీ లేదు.