తోడికోడలి ప్రింటర్

మా మామగారు పోయిన మరుసటి ఏడాది నా తోడికోడలు నరసరావుపేట నుంచి మాచర్ల వస్తూ అత్తయ్య కోసం ఒక దిండు తెచ్చింది. తెల్లటి గలీబు మీద మామగారి ఫోటో. తలపాగా, తెల్లబడిన మీసం, చెవి మీద దోపుకున్న బీడీ ముక్కతో సహా అన్నీ కనిపిస్తున్నాయి. అత్తయ్య ఆ దిండు మీద ఒక్కరోజు కూడా తల పెట్టలేదు. "ఆయన మొహమ్మీద పండుకోనా ఏందే?" అని పాత చీర ముక్కలో చుట్టి పెట్టెలో దాచుకుంది. కానీ ఇంటికి ఎవరొచ్చినా తీసి చూపించేది.

"మా చిన్నకోడలు ఏసింది. ఎన్నిసార్లు ఉతికినా బొమ్మ పోదంట."

వచ్చినవాళ్ళు ముందు దిండును చూసి, తర్వాత నన్ను చూసేవాళ్ళు. "ప్రెస్సు మీది గదమ్మా? ఇట్టాంటివి మీరెయ్యరా?"

ప్రెస్సు మాదే. మాచర్ల బస్టాండు వెనక సందులో పద్దెనిమిదేళ్ళుగా నేనూ మా ఆయనా స్క్రీన్ ప్రింటింగ్ చేస్తున్నాం. చెక్క ఫ్రేముకు బిగించిన సన్నటి గుడ్డ మీద రంగు పోసి, రబ్బరు బద్దతో ఒక్క లాగు లాగితే కింద కార్డు తయారు. పెళ్ళికార్డులు, మిర్చి కొట్ల బిల్లు బుక్కులు, గుడ్డ సంచులు. నా వేళ్ళ సందుల్లో రంగు ఏనాడూ పూర్తిగా పోయింది లేదు. నా తోడికోడలు మూడేళ్ళ క్రితం దాకా జాకెట్లు కుట్టుకునేది. రంగంటే ఏమిటో తెలియని మనిషి. ఒక రోజు ఇంట్లో చిన్న ప్రింటర్ పెట్టుకుని కప్పుల మీద, టీషర్టుల మీద ఫోటోలు వేయడం మొదలుపెట్టింది.

దాన్ని సబ్లిమేషన్ అంటారు. ప్రత్యేకమైన ఇంకుతో బొమ్మను కాగితం మీద తిరగేసి తీస్తారు. ఆ కాగితాన్ని పాలిస్టర్ గుడ్డ మీద బోర్లించి వేడి మిషన్లో నొక్కితే ఇంకు ఆవిరై గుడ్డ పోగుల్లోకి వెళ్ళిపోతుంది. కాగితం మీద వెలిసిపోయినట్టు కనిపించే బొమ్మ గుడ్డ మీదికి వచ్చేసరికి కళకళలాడుతుంది. ఇదంతా నేను ఆమె వాట్సాప్ స్టేటస్‌లు చూసి తెలుసుకున్నాను. ఆ స్టేటస్‌లు కళ్ళబడకూడదని మ్యూట్‌లో పెట్టుకున్నాను. అయినా రోజూ కిందికి జరిపి, వెతికి మరీ చూసేదాన్ని. ఫలానా స్కూలు టీషర్టులు, ఫలానా డాక్టరుగారి పాప పుట్టినరోజు కప్పులు. మా కొట్టుకు పెళ్ళికార్డులు తగ్గిపోతున్న రోజులవి. జనం ఫోన్లోనే శుభలేఖ పంపేసి ఊరుకుంటున్నారు.

అట్లాంటప్పుడు దుర్గి వైపు నుంచి ఒక పాత ఖాతాదారు వచ్చాడు. వాళ్ళ ఊళ్ళో చిన్నాపెద్దా పంచాయతీలన్నీ చూసే రైతు. ఎన్నికల కరపత్రాల నుంచి కూతురి పెళ్ళికార్డు దాకా మా దగ్గరే వేయించాడు. వాళ్ళ ఊరి కబడ్డీ జట్టుకు బనీన్లు కావాలన్నాడు. ముందు ఎద్దు తల, వెనక పేరు, నంబరు.

"ఇయి మీకు రావంట గదమ్మాయ్. పేటలో మీ తోడికోడలు ఏస్తదంటగా? ఆ పిల్ల నంబరియ్యి, మాట్లాడుకుంటా."

ఆ మాటకు నా నోట్లోంచి ఏమొచ్చిందో అప్పుడు నేను ఆలోచించలేదు. "పేట దాకా ఎందుకు అన్నా? మేమే ఏస్తాం. మిషన్ తెప్పిస్తన్నాం" అన్నాను.

ఆయన వెళ్ళగానే మా ఆయన అడిగాడు. "ఏ మిషనే?"

"తేవాల్సిన మిషను" అన్నాను.

ఏది తేవాలో తెలిసిన మనిషి మా ఇంట్లో ఒక్కతే. ఆమెను అడగాలంటే ప్రాణం పోయినట్టయింది. చివరికి ఫోన్ చేసి, మా పుట్టింటి వైపు ఒకావిడ కొనుక్కోవాలనుకుంటోందని అబద్ధం చెప్పాను. ఆమె పాపం పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుని చెప్పింది.

"అక్కా, ఆమెను ఇంకు మనమే పోసుకునే చిన్న ట్యాంకు ప్రింటరు తీసుకోమను. పెద్ద కాగితం పట్టేది. కొత్తదే తీసుకోవాల. మొదట్నుంచీ సబ్లిమేషన్ ఇంకే పొయ్యాల. కాగితం చుట్టతో నడిచే పెద్ద రోలు మిషన్ల జోలికి మాత్రం పోవద్దను. అందులో వాడింది అసలే వద్దు. రోజూ పని లేకపోతే ఇంకు చిమ్మే హెడ్డులో అది ఎండి గడ్డకడద్ది. మన ఎండలకి ఇంకా తొందరగా కడద్ది."

నేను ఇంకో పది ప్రశ్నలడిగాను. అన్నింటికీ జవాబు చెప్పింది. ఫోన్ పెట్టేశాక నాకు ఒకటే అనిపించింది. పెద్దది కొనొద్దని ఎందుకంత గట్టిగా చెప్తోంది? ఎదుటివాళ్ళు ఎప్పటికీ చిన్నగానే ఉండాలనా? నేను ఆమె స్థానంలో ఉంటే అలాగే చెప్పి ఉండేదాన్ని. అందుకే ఆమె కూడా అలాగే చెప్పిందని నమ్మాను.

గుంటూరు వెళ్ళాం. అక్కడ ప్రింటర్లమ్మే కొట్టతను మూడు మిషన్లు చూపించాడు. మొదటిది ఆమె చెప్పినటువంటిదే, ఒళ్ళో పట్టేంత ఉంది. రెండోది దానికి అక్కలాంటిది. మూడోది గోడవారగా నిలబెట్టి ఉంది. రెండడుగుల వెడల్పు రోలు మిషన్. మూతపడిన ఒక స్టూడియో నుంచి వచ్చిందట. దాన్ని ఆన్ చేసి నెమలి బొమ్మ తీసి చూపించాడు. నెమలి మెడ మీది నీలం చూసి కళ్ళు తిప్పుకోలేకపోయాను. అంత నీలం ఆమె స్టేటస్‌లో ఎన్నడూ చూడలేదు.

మా ఆయన నా చెవిలో, "చిన్నది తీసుకుందామే. పని వచ్చాక చూసుకోవచ్చు" అన్నాడు.

"చిన్నది ఆమె దగ్గరుంది గదా" అన్నాను.

పెద్దదే తెచ్చాం. దాంతోపాటు కొత్త వేడి మిషను. ట్రాలీ ఆటోలోంచి నలుగురు దించుతుంటే సందులో వాళ్ళంతా బయటికొచ్చి చూశారు. నేను గుమ్మంలో నిలబడి మనసులో ఒక్క మనిషి చూడాలని కోరుకున్నాను. ఆమె చూడదు కాబట్టి ఫోటో తీసి నేనే స్టేటస్ పెట్టాను. ఐదు నిమిషాల్లో ఆమె నుంచి రెండు ఎర్ర గుండెలు వచ్చాయి. వాటి కింద, "అక్కా మనమేనా తీసుకుంది? పుట్టింటావిడ అన్నావు?" అని ఉంది. ఫోన్ బోర్లించి పెట్టాను.

ఒక వారం మిషన్ బ్రహ్మాండంగా నడిచింది. పాలిస్టర్ బనీన్లు రావడం ఆలస్యమై తర్వాత ఎనిమిది రోజులు ఖాళీగా ఉంది. అది ఎండాకాలం. మా కొట్టు రేకుల షెడ్డు. మధ్యాహ్నం పూట గోడ మీద చెయ్యి పెడితే కాలుతుంది. బనీన్లు వచ్చాక ఎద్దు తల తీద్దామని మీట నొక్కితే కాగితం నిండా అడ్డంగా తెల్ల గీతలు. క్లీనింగ్ పెట్టాం. మళ్ళీ గీతలే. ఇంకోసారి పెట్టాం. గీతలు పోకపోగా ఎరుపు రంగు మొత్తం రావడం మానేసింది. జిరాక్స్ మిషన్లు బాగుచేసే భాయ్‌ని పిలిస్తే, దాని హెడ్డు విప్పి చూసి ఒక గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"అమ్మా, లోపల మొత్తం ఎండిపోయుంది. ఇప్పుడు పోయింది కాదిది, చానా నాళ్ళది. అమ్మేటప్పుడు కడిగి చూపించినట్టుండారు. కొత్త హెడ్డు ఏస్తే ఇంకో మిషన్ కొన్నట్టే."

"వాడకుండా పెట్టబట్టేనా?"

"మీరు రోజూ వాడినా ఇంకో నెల లాగేదేమో."

కబడ్డీ పోటీలు మూడు రోజుల్లో ఉన్నాయి. నేను మా ఆయన వైపు చూశాను. "మీ మరదలికి ఫోన్ చెయ్యవయ్యా" అన్నాను.

"నేను చెయ్యను. అబద్ధం చెప్పింది నువ్వు. నువ్వే చెయ్యి." ఆయన అట్లా తేల్చి చెప్పడం మా కాపురంలో బహు తక్కువ.

కొట్టు వెనక కుళాయి దగ్గర నిలబడి చేశాను. గీతల సంగతి, ఎరుపు సంగతి, భాయ్ అన్న సంగతి అన్నీ చెప్పాను. అవతల కుక్కర్ విజిల్ వేస్తుంటే ఆమె పొయ్యి కట్టేసి వచ్చింది.

"ఆరోజు నువ్వు అడిగింది నీకేనని నాకు తెలుసక్కా" అంది తర్వాత. "ఎవరికోసమో అయితే అన్ని ప్రశ్నలు అడగరు."

"తెలిసి కూడా ఎందుకు చెప్పావే?"

"అడిగావు గదా."

తర్వాత ఇంకేం సాగదీయలేదు. బొమ్మలు ఫోన్లో పంపమంది. కాగితాలు తను తీసి మాచర్ల బస్సులో వేస్తుందట, బనీన్ల మీద నేను నొక్కుకుంటే సరిపోతుందట. నన్ను నాలుగు మాటలు అన్నా బాగుండేది. అనకపోవడమే నాకు సూదిలా దిగింది.

మర్నాడు పొద్దున బస్టాండులో కండక్టరు చేతుల మీదుగా పొడవాటి అట్ట గొట్టం అందుకున్నాను. కొట్టులో బల్ల మీద విప్పి ఒక్కొక్క కాగితమే చూశాను. నిజం చెప్పాలంటే తప్పు కోసం చూశాను. ఒక్క గీత, ఒక్క మరక, ఒక్క వంకర అక్షరం దొరికితే చాలనుకున్నాను. ప్రతి కాగితం మూల పెన్సిలుతో ఆ బనీను ఏ ఆటగాడిదో, ఎంత వేడి పెట్టాలో, ఎన్ని సెకన్లు ఉంచాలో రాసి ఉంది. పదకొండో కాగితం దగ్గర నాకు తప్పు దొరికింది. ఒక ఆటగాడి పేరులో దీర్ఘం లేదు. నా గుండె ఎగిరింది. వెంటనే ఫోన్ తీసి చూస్తే, దీర్ఘం మర్చిపోయింది నేను పంపిన దాంట్లోనే. దాని కింద ఇంకో కాగితం ఉంది. అదే పేరు, దీర్ఘంతో. మూలన పెన్సిలు రాత: "ఇది కరెక్టేమో చూడక్కా."

ఆ కాగితం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పనిలో ఆమె నాకంటే మెరుగు. పద్దెనిమిదేళ్ళ నా రంగు వేళ్ళు ఆ మాట ఒప్పుకోవడానికి అంతసేపు పట్టింది.

బనీన్లు బాగా వచ్చాయి. రైతు వచ్చి ఒకటి విప్పి, ఎద్దు కొమ్ముల మీద బొటనవేలితో రుద్ది చూశాడు. "మీ తోడికోడలు దీనిముందు ఎందుకూ పనికిరాదమ్మాయ్" అన్నాడు.

మా ఆయన రంగు డబ్బా మూత బిగిస్తూ ఆగాడు. నేను చెప్పాల్సిన మాట నాలుక చివర దాకా వచ్చింది. చెప్పలేదు. నవ్వాను. ఆ పొగడ్త ఎంత తియ్యగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. ఆ రాత్రి మా ఆయన నాకోసం ఆగకుండా తినేసి లేచి వెళ్ళాడు.

రెండు రోజులాగి, చిన్న ప్రింటరు ఆమె చేతే కొనిపించుకుందామని ఫోన్ చేసి చెప్పి నరసరావుపేట బయల్దేరాను. ఆమె ఇంటికి అంతకుముందు వెళ్ళింది ఆమె జాకెట్లు కుట్టే రోజుల్లో. స్టేటస్‌ల్లోని బొమ్మలు చూసి పెద్ద గది, ఏసీ, వరసగా మిషన్లు ఊహించుకున్నాను. ఉన్నది వంటింటికీ స్నానాలగదికీ మధ్య నడవ. అందులో పాత కుట్టుమిషను బల్ల, దాని మీద తువ్వాలు కప్పిన ప్రింటర్, పక్కన కప్పులు పేర్చిన బియ్యం డబ్బా. ఎండకు ఇంకు ఆరకుండా కిటికీకి తడి గోనె కట్టింది. ఎవరైనా స్నానానికి వెళ్ళాలంటే ఆమె కుర్చీ జరపాలి. ఇంకు గడ్డకట్టకుండా పని లేని రోజు కూడా పొద్దున్నే ఒక రంగుల కాగితం తీసి పారేస్తుందట. జాలి కలుగుతుందనుకున్నాను. కలగలేదు. ఇంత ఇరుకులోంచి అంత పని చేస్తోందా అని ఇంకాస్త కుళ్ళుకున్నాను.

కాఫీ తాగుతూ రైతు అన్న మాట చెప్పాను, నేను నోరు మూసుకున్న సంగతీ చెప్పాను. ఆమె మొహం ఒక్క క్షణం మాడింది. అది చూశాను.

"చెప్పుంటే బాగుండేదక్కా" అంది. గ్లాసులు తీస్తూ, "సరే, లెగు. బజారుకి పోదాం. పన్నెండు దాటితే ఎండకి తిరగలేం" అంది.

బజారులో ప్రింటర్ ఆమే ఎంచింది. కొట్టతను ఇంకో కంపెనీది చూపించబోతే, "దానికి ఇంకు బాటిళ్ళు ఇక్కడ దొరకవు. ప్రతిసారీ గుంటూరు పరిగెత్తాల" అని పక్కన పెట్టించింది. గ్యారంటీ కాగితం చదివించింది. పెట్టెలోది అక్కడే తీయించి, సబ్లిమేషన్ ఇంకు పోయించి, నాలుగు రంగులూ విడివిడిగా వచ్చేదాకా కదల్లేదు. నేను ఆమె వెనక సంచి పట్టుకుని నిలబడ్డాను. కొట్టతను నన్ను ఆమె దగ్గర పనిచేసే మనిషి అనుకున్నాడు. "మా అక్క. మాచర్లలో పెద్ద ప్రెస్సు" అని ఆమె చెప్పింది. అది నాకు గర్వంగా అనిపించాలి. ఆమె చెప్తేనే గాని తెలియలేదే అని అనిపించింది.

ఇంకు పోసిన ప్రింటరును ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం బస్సెక్కాను. పిడుగురాళ్ళ దాటాక ఒళ్ళు తిమ్మిరెక్కి, దాన్ని కిటికీ వైపు ఒరగబెట్టి కునుకు తీస్తున్నాను. ఫోన్ మోగింది.

"అక్కా, ప్రింటరు పక్కకి ఒరగనీమాక. ఇంకు లోపలికి కారద్ది. నిటారుగా పెట్టుకున్నావా?"

గబుక్కున లేచి నిటారుగా పెట్టుకున్నాను. అట్టపెట్టె అడుగున తడేమైనా ఉందేమోనని చేత్తో తడిమి చూశాను. లేదు.

"నిటారుగానే ఉందిలేవే. ఆ మాత్రం నాకు తెలీదా?" అన్నాను.