కార్డిఫ్ నేనొక్కణ్ణే చూశాను

కార్డిఫ్ వెళ్ళివచ్చి ఏడు నెలలైంది. ఎలా ఉందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఇక్కడ మెల్‌బోర్న్ శివార్లలో మా క్లైడ్ నార్త్‌లో బాలి వెళ్ళొచ్చినవాళ్ళను కూడా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి మరీ అడుగుతారు. నన్ను అడగలేదు. అడగకపోయినా చెబుతాను.

వేల్స్ రాజధాని కార్డిఫ్ వెళదామన్న ఆలోచన నాది కాదు, మా వీధి చివర ఉండే డాక్టరు గారిది. పదకొండేళ్ళుగా పొద్దున్నే ఇద్దరం కలిసి నడుస్తున్నాం. మా ఆవిడ పోయాక ఆయనే అన్నారు: "ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుంది గురువు గారూ. లండన్లో మా మేనకోడలి పెళ్ళికి మీరూ రండి. అది కాగానే మనిద్దరం కార్డిఫ్ వెళ్ళి రెండ్రోజులు చూసొద్దాం."

పెళ్ళయింది. అనుకున్న రోజు పొద్దున బ్యాగు సర్దుకుని ఆయన దిగిన బావమరిది ఇంటికి వెళ్ళాను. డాక్టరు గారు ఇంకా లుంగీలోనే ఉన్నారు.

"మావాళ్ళు వదలట్లేదు గురువు గారూ. మీరు వెళ్ళొచ్చేయండి. యూ విల్ ఎంజాయ్ ఇట్."

"రూము ఇద్దరికని తీసుకున్నాం కదండీ?"

"మరీ మంచిది, రెండు మంచాలూ మీవే!"

లోపల ఎవరో నవ్వారు.

రైల్లో రెండు గంటలు. దిగేసరికి సన్నటి వాన. ముప్పై ఏళ్ళు రోడ్ల పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఏ ఊళ్ళోనైనా నా చూపు ముందు నేలమీదకే పోతుంది. నెమ్మదిగా పొమ్మని తారు మీద తెల్లరంగుతో ఇంగ్లీషు, వెల్ష్ రెండు భాషల్లోనూ రాశారు. బోర్డులన్నీ అంతే. ఊరి నడిమధ్య, బస్సులు తిరిగే రోడ్డు పక్కనే కోట. లోపల పచ్చగడ్డి దిబ్బ మీద పాత బురుజు, దానికి నిటారుగా మెట్లు. రెండుసార్లు ఆగి ఎక్కాను. బయట ఒక గోడ మీద రాతి జంతువులున్నాయి. సింహం, ఎలుగుబంటి, ఇంకా నాకు తెలియనివి ఏవో, గోడ దూకి పార్కులోంచి పారిపోతున్నట్టు చెక్కారు. డాక్టరు గారు వచ్చి ఉంటే ఒక్కో జంతువుకీ మా వీధిలోవాళ్ళ పేరొకటి పెట్టేవారు. నేను కాసేపు ప్రయత్నించాను. ఒక్కణ్ణే కావడంతో నవ్వు రాలేదు.

మనవాళ్ళ లెక్కలో ఒక ఊరు చూశామంటే దాని ముందు మనం నిలబడ్డ ఫోటో ఉండాలి. కుక్కను తిప్పుతున్న ఒకావిడకు ఫోన్ ఇచ్చాను. పాపం, శ్రద్ధగానే తీసింది. కోట మొత్తం వచ్చింది, నేను మాత్రం ఒక మూల గొడుగులా వచ్చాను. ఆ తర్వాత ఎవరినీ అడగలేదు.

మర్నాడు సముద్రం వైపు వెళ్ళాను. ఎర్ర ఇటుకల పాత భవనం, తెల్లటి చెక్క చర్చి, తింటున్న చిప్స్ మీదికి వాలే పక్షులు. వెళ్ళేటప్పుడు బస్సులో ఒక ముసలావిడ మనవరాలిని వాళ్ళ భాషలోనే గదిమింది. ఆ పిల్ల కూడా అదే భాషలో ఎదురు చెప్పింది. ఇద్దరూ దిగేదాకా వింటూ కూర్చున్నాను. మధ్యాహ్నం హోటల్లో నా బల్ల దగ్గరికి వచ్చిన అమ్మాయి, "ఇంకెవరైనా వస్తున్నారా?" అని అడిగింది. లేదన్నాను. ఎదురుగా ఉన్న ప్లేటు, గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం మా నడకవాళ్ళ వాట్సాప్ గ్రూపులో అరవై ఒక్క ఫోటోలు పెట్టాను. అప్పటికే డాక్టరు గారు లండన్ నది ఒడ్డున బంధువులందరితో దిగిన ఫోటో అందులో ఉంది. దాని కింద హృదయాలే హృదయాలు. నా ఫోటోల కింద ఒకాయన అడిగాడు: "రేపు చెత్తబండికి పెట్టాల్సింది రీసైక్లింగ్ బిన్నా, గ్రీన్ బిన్నా?"

తిరిగొచ్చాక పక్కనున్న క్రాన్‌బర్న్‌లో ఒక ఆదివారం అందరం పార్కులో బార్బెక్యూ పెట్టుకున్నాం. డాక్టరు గారు మొక్కజొన్న కంకులు తిప్పుతూ అందరి ముందూ అన్నారు: "గురువు గారూ, నిజంగా వెళ్ళారా, రూములో పడుకుని ఆ ఫోటోలు నెట్‌లోంచి దించారా? ఒక్క దాంట్లోనూ మీరు లేరే!"

"అంకుల్, నెక్స్ట్ టైమ్ మీకు సెల్ఫీ స్టిక్ మేం కొనిస్తాం," అంది పక్కింటి అమ్మాయి. అందరూ నవ్వారు.

"తియ్యాల్సినాయన రాలేదమ్మా," అన్నాను.

డాక్టరు గారు నా వైపు చూడలేదు. "అరెరే, కంకులు మాడిపోతున్నాయి," అంటూ అటు తిరిగారు.

ఇప్పటికీ రోజూ కలిసే నడుస్తున్నాం. మోకాళ్ళ గురించి, క్రికెట్ గురించి మాట్లాడుకుంటాం. "కార్డిఫ్‌లో" అని మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ ఆయన మాట మార్చారు.

డాక్టరు గారూ, ఇది అచ్చయితే మీరు చదువుతారని తెలుసు. బంధువులు వదల్లేదన్న మాట నేను నమ్మలేదు. ఆ వారమంతా మీరు వాళ్ళతోనే ఉన్నారు. రెండు రోజులు, ఒకే గదిలో, నాతో, నా గోలతో గడపడం భారమనిపించిందా? అనిపిస్తే ఆ మాటే చెప్పండి, పడతాను. పొద్దుటి నడక కూడా నామీద జాలితోనే అయితే అదీ చెప్పండి. రేపు ఆరున్నరకు మీ గేటు ముందు నిలబడతాను. మోకాళ్ళ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పండి, నాతో ఎందుకు రాలేదు?