బగారాకు కాని ఆకు

ఎనభైల మధ్యలో నన్ను సికింద్రాబాద్‌లోని మా వృక్షశాస్త్ర కార్యాలయంలో అసిస్టెంట్ బొటానిస్టుగా వేశారు. పని హెర్బేరియంలో. అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలను అట్టలకు కుట్టి, పేర్లు నిర్ధారించి, కుటుంబాల వారీగా బీరువాల్లో భద్రపరిచే చోటు. విజయనగరం నుంచి వచ్చి సీతాఫల్‌మండిలో మాతోనే ఉండే మా అత్తగారు మాత్రం నాది గడ్డి ఆఫీసులో ఉద్యోగమని ఇరుగుపొరుగుకు చెప్పేవారు. అందులో అబద్ధమేమీ లేదు కనుక నేనూ సరిదిద్దలేదు.

ఆ చలికాలం ఒక సోమవారం పొద్దున, లాలాగూడలోని ఒక ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ ఎస్తేరుగారు ఆకులున్న కొమ్మ పట్టుకుని వచ్చారు. గుంటూరు వైపు మనిషి, నిదానస్తురాలు. ఆ రోజు మాత్రం కూర్చోకుండానే విషయం మొదలుపెట్టారు. ముందురోజు మధ్యాహ్నం మసాలా వేసి వండిన బగారా అన్నం తిన్న పిల్లలకు సాయంత్రానికి వాంతులు, కడుపునొప్పి. ఆస్పత్రిలో చేర్చారు. ప్రాణభయం లేదని డాక్టరు చెప్పాడు గానీ, కారణం ఇంకా తేల్చలేదు. హాస్టల్ కమిటీ మాత్రం తేల్చేసింది. వంటమనిషి యాదమ్మ ఆవరణలో ఉన్న పాత చెట్టు ఆకులను బిర్యానీ ఆకనుకుని అన్నంలో వేసిందట. వంటింట్లో బియ్యం డబ్బాలో ఆ ఆకులు దొరికాయి. ఇవాళ సాయంత్రం కమిటీ కూర్చుని యాదమ్మను పనిలోంచి తీసేస్తుంది, చెట్టును కొట్టించేస్తుంది.

“ఇది విషపు చెట్టో కాదో మీరొక ముక్క రాసివ్వండమ్మా. ఆవిడకి ఈ పని తప్ప ఇంకో ఆధారం లేదండీ. ఉండే గది కూడా హాస్టల్‌దే” అన్నారు ఎస్తేరుగారు.

ఆకు నలిపి వాసన చూశాను. ఘాటుగా, కాస్త తీపిగా ఉంది. దాల్చినచెక్క, కర్పూరం, బిర్యానీ ఆకు, అవకాడో అన్నీ లారేసీ అనే ఒకే కుటుంబానివి. ఇదీ ఆ ఇంటిదేనని వాసన చెబుతోంది. కానీ ఆ కుటుంబంలో ఆకులను నమ్ముకుంటే మోసపోతాం. అందుకే మా వృత్తిలో పువ్వు విప్పి చూడకుండా ఆ చెట్లకు పేరు ఖాయం చెయ్యరు. ఈ కొమ్మకు పువ్వూ లేదు, మొగ్గా లేదు. పేరే తెలియని చెట్టు విషమో కాదో ఎలా రాసేది? తెలియదని రాస్తే కమిటీ దాన్ని విషమనే చదువుకుంటుంది. విషం కాదని రాస్తే చూడనిదానికి సంతకం పెట్టినట్టవుతుంది. నిజంగా ఇరకాటంలో పడ్డాను.

ఆకును మళ్ళీ తిప్పి చూశాను. నడుమ ఒకే ఈనె, దానికి రెండు వైపులా చేపముల్లులా పక్క ఈనెలు. బజారులో అమ్మే బిర్యానీ ఆకు అలా ఉండదు. మొదట్లోనే మూడు ఈనెలుగా విడిపోయి కొసదాకా సాగుతుంది. ఎంత ఉడికినా ఆ ఈనెలు పోవు. అప్పుడు తోచింది, చెట్టు పేరుతో ఇప్పుడు పనేముంది, అన్నంలో పడిన ఆకు ఏదో చూస్తే చాలు కదా అని. బిర్యానీ ఆకును ఎవరూ నమిలి మింగరు, కంచం పక్కన పెడతారు. ఎంగిలి పారబోశారా అని అడిగాను. పట్టుకెళ్ళే మనిషి ఇంకా రాలేదన్నారు. వెంటనే ఆటో ఎక్కాం.

యాదమ్మ వంటింటి మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. “గా ఆకు బియ్యం డబ్బాల ఏసిన మేడం, పురుగు పట్టకుంట ఉంటదని. బువ్వల ఎయ్యలె. దుకాణంల కొన్న బగారాకే ఏసిన. ఎవ్వరు నమ్ముతలేరు” అంది. బగారాకంటే ఇక్కడివాళ్ళ మాటలో బిర్యానీ ఆకే.

కొంగు నడుముకు దోపి ఎంగిలి బకెట్టు ముందు కూర్చున్నాను. మా అత్తగారు చూసి ఉంటే గుమ్మం బయటే తలమీద నీళ్ళు పోసేవారు. దొరికిన ప్రతి ఆకునూ వేడినీళ్ళలో కడిగి, తెల్లగుడ్డ మీద పరిచి, చేతిలెన్సుతో చూశాను. మొదటిదానికి మూడు ఈనెలు. పక్కదానికీ మూడే. బకెట్టు అడుగు కనిపించేదాకా వెతికాను. చెట్టు ఆకు ఒక్కటీ లేదు. ఆకులన్నీ ఆ గుడ్డలోనే మూటగట్టి లేచాను. యాదమ్మ నా మొహం చూసి ఏడ్చేసింది.

సాయంత్రం కమిటీ కూర్చుంది. కార్యదర్శి రైల్వేలో రిటైరైన పెద్దాయన. లెన్సు తీసుకుని తానే చూశారు. “ఇది మూడు లైన్లు, అది సింగిల్ లైను. సరే” అన్నారు. ఎందుకైనా మంచిది, చెట్టు ఆకు నిరపాయమని కూడా రాసిమ్మన్నారు. రాయలేనన్నాను. ఎంగిలిలో దొరికినవన్నీ బజారు బిర్యానీ ఆకులే, ఆవరణలోని చెట్టు ఆకు వాటిలో లేదు, చెట్టు పేరు పువ్వు వచ్చాకే చెప్పగలను. ఇంతే రాసి సంతకం చేశాను. యాదమ్మ పని నిలబడింది. పేరు తేలేదాకా చెట్టునూ ఉంచారు.

పిల్లలు కోలుకుని వచ్చారు. తాగే నీళ్ళు పరీక్ష చేయిస్తే తప్పు మిద్దె మీది ట్యాంకుదని తేలింది. మూత లేక అందులో పావురం పడి చచ్చింది. మూత వేయించాల్సింది కమిటీయే కనుక దానిమీద మీటింగేమీ పెట్టలేదు.

ఎండలు ముదరకముందే చెట్టు పూసింది. పువ్వు బియ్యపు నూకంత. మైక్రోస్కోపు కింద సూదులతో విప్పాను. తొమ్మిది కేసరాలు. ఒక్కో కేసరం తలలో పుప్పొడికి నాలుగు గదులు, పైన రెండు, కింద రెండు. ఒక్కో గదికి పైకి తెరుచుకునే బుల్లి తలుపు. ఆ తలుపులు లారేసీ ఆనవాలు. దాల్చినచెక్క పువ్వులో స్పష్టంగా కనబడే, పుప్పొడి లేని గొడ్డు కేసరాలు ఇందులో లేవు. ఓకోటియా అని తేల్చాను. నమూనా పంపితే మా శాఖ పెద్ద హెర్బేరియంలోని నిపుణులూ అదే అన్నారు, దక్షిణ అమెరికా చెట్టేనన్నారు. ఏ కాలంలోనో ఎవరో దొర విత్తనం తెచ్చి నాటి ఉంటాడు. ఓకోటియా అనేది ప్రజాతి, ఇంటిపేరు లాంటిది. సొంతపేరు, అంటే జాతి, వాళ్ళూ చెప్పలేకపోయారు. నిర్ధారణ చీటీ మీద నేనూ ఇంటిపేరు దగ్గరే ఆగాను.

పూలకొమ్మ కోసుకోవడానికి వెళ్ళిన రోజు యాదమ్మ టీ ఇచ్చి, “ఇంతకు గీ ఆకు బగారల ఎయ్యొచ్చా మేడం?” అంది. నాకు తెలియదు, నువ్వు వెయ్యకు అన్నాను.

పేరు చెప్పలేకపోయినా తేడా చెప్పవచ్చని, కొన్నిసార్లు మనుషులకు కావలసింది ఆ తేడాయేనని ఆ చెట్టు దగ్గర నేర్చుకున్నాను. ఆ సోమవారం నేను తొందరపడి ఏ పేరు రాసినా ఊహే అయ్యేది, దాని బరువు యాదమ్మ మీద పడేది. మూడు ఈనెలన్న మాటను మాత్రం ఇంతవరకూ ఎవరూ కొట్టివేయలేదు. యాదమ్మ చేతనైనన్నాళ్ళూ ఆ వంటింట్లోనే వండింది.