సూరిబాబు చోటు

పదేళ్లుగా ఒక నవ్వును మోస్తున్నాను. నవ్వింది నేనే. దాని బరువు మాత్రం ఇంకొకడి మీద పడింది. తొమ్మిదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి కాబట్టి ఈ రాతలో తప్పులుంటే సర్దుకోండి. రాస్తున్నదే తప్పు గురించి.

ఇప్పుడు బందరులో నాకో ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఉంది. గుడివాడలో, అవనిగడ్డలో షాపులున్నాయి. సభల్లో నన్ను సొంత తెలివితో పైకొచ్చినవాడని పరిచయం చేస్తారు. ఆ తెలివిలో సగం పోలయ్య గారిది.

పోలయ్య గారు బందరు పక్క గిలకలదిండి రేవులో చేపల బోటు డ్రైవరు. వల వేస్తే చేప పడే చోట్లు ఆయనకు తెలిసినన్ని మరొకరికి తెలియవు. అలాంటి చోటు అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పరు. సముద్రంలో దారి చూపే జీపీఎస్ పెట్టెలు కొత్తగా వచ్చినప్పుడు, బందరులో అప్పటి నా చిన్న షాపులో మొదటిది కొన్నది ఆయనే. అక్షరాలు రావు కనుక చోట్ల పేర్లు నాచేతే కొట్టించారు. అన్నీ ఇంట్లోవాళ్ల పేర్లు. మంచి ధర పలికే చందువా చేపలు పడే చోటుకు సూరిబాబు అని పెట్టించారు. సూరిబాబు ఆయన బావమరిది, ఆ బోటు మీదే పని. ఆ చోటు కనిపెట్టింది అతనే.

ఒకసారి పెట్టెలోకి ఉప్పునీళ్లు దిగాయి. విప్పితే లోపలివి చెరిగిపోతాయని చెప్పి, ఏ చోటు ఎక్కడుందో చూపే అంకెలన్నీ పేర్లతో సహా కాగితం మీద రాసుకున్నాను. అంతవరకూ నిజమే. బాగుచేసి అవన్నీ మళ్లీ ఎక్కించాక, కాగితం ఆయన ఎదుటే చింపేశాను. చింపింది వేరే కాగితం.

ఎందుకు? ఎదురుగా ఇంకో షాపు వచ్చింది. నాది మూతపడేలా ఉంది. అందుకని పెట్టె కొన్న ప్రతివాడికీ ఆ చోట్లు ఎక్కించి ఇచ్చాను, పేర్లు తీసేసి, ఒకటి రెండు మూడు అని. పెట్టెలు చేసే కంపెనీవాళ్లు ఉపగ్రహంతో కనిపెట్టారనీ, నీకొక్కడికే ఇస్తున్నాననీ ప్రతివాడి చెవిలోనూ ఊదాను. చోటు దొరికినవాడు నోరు విప్పడు కదా. వాళ్ల ఆ అలవాటు మీదే నా వ్యాపారం నిలబడింది.

ఆ ఏడు పోలయ్య గారు వేటకు వెళ్లేసరికి సూరిబాబు చోటులో నాలుగు బోట్లున్నాయి. ఒడ్డుకు రాగానే తిన్నగా నా షాపుకొచ్చారు.

"అబ్బాయ్, ఆ అంకెలు నువ్వుగానీ ఎవరికైనా చెప్పావా?"

"నేనా మావయ్యా? నాకు అవనిగడ్డ బస్సెక్కితేనే వాంతులు. సముద్రంలో చోటు తీసుకుని ఏం చేస్తాను, ఇల్లు కట్టుకుంటానా?"

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక మెల్లగా అన్నారు.

"అయితే మా సూరిగాడే. నువ్వూ నేనూ కాకపోతే ఇంకెవడు?"

అప్పుడే నిజం చెప్పాల్సింది. టీ తాగుతారా మావయ్యా అన్నాను.

ఆ వారంలోనే సూరిబాబును బోటు దింపేశారు. సొంత బావే నమ్మనివాణ్ణి ఇంకెవరు ఎక్కించుకుంటారు? అతను నాగాయలంక దగ్గర రొయ్యల చెరువుల కాపలాకు వెళ్లిపోయాడు. పోలయ్య గారి భార్య తమ్ముడి పేరు ఇంట్లో ఎత్తడం మానేసింది.

భయపడ్డానా? మొదటి ఏడు భయమే. కానీ రెండో షాపు, మూడో షాపు పెట్టాక కూడా, ఎవరూ నన్ను ఏమీ చేయలేని రోజుల్లో కూడా, గిలకలదిండి వైపు వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒక జోకు వేసి తిరిగొచ్చానంటే, దాన్ని భయమని ఎలా అనగలను? నా మంచి పేరు నాకు ముద్దు. అంతే.

మొన్న సూరిబాబు అవనిగడ్డ షాపులో సెల్‌ఫోను కొన్నాడు. నేనక్కడే ఉన్నాను. అక్షరాలు రావని నన్నే పేర్లు కొట్టమన్నాడు. మొదట బావ నంబరు చెప్పాడు. బావ ఎత్తడని తెలుసట, అయినా ఉండనివ్వమన్నాడు. కొట్టాను. జోకు రాలేదు.

చింపానన్న ఆ కాగితం ఇంకా నా బీరువాలోనే ఉంది. దాని మీద సూరిబాబు అన్న పేరు నా చేతిరాతే. రేపు పొద్దున్నే దాన్ని తీసుకుని ముందు నాగాయలంక వెళ్తాను, తర్వాత గిలకలదిండి. నా షాపుకు జనం వస్తారో మానతారో వాళ్లిష్టం. క్షమించమని అడగను. అడగడానికి వెళ్తే మళ్లీ నా గొడవే అవుతుంది.

అక్కడ చెప్పాల్సిన మాటను ముందుగా మీ దగ్గర పలికి చూసుకుంటున్నాను. సూరిబాబు ఎవరికీ చెప్పలేదు. చెప్పింది నేను.

పలికింది.