జిరాక్స్ కాని వెనక పుట

మీ బిల్డింగు మెట్ల కింద నోటీసు బోర్డు ఉంటుంది కదా, దాని మీద మీ పొరుగువాళ్ల గురించి ఏం రాసి ఉందో చివరిసారి ఎప్పుడు చదివారు? నీళ్ల ట్యాంకర్ వచ్చే వేళ చూసుకుని వెళ్లిపోతారు, అంతేనా? నాంపల్లి స్టేషన్ వెనక మా బిల్డింగులో నేనూ అంతే. మొన్నటి వానల్లో ఒక శనివారం ఉదయం మాత్రం ఆగిపోయాను. బోర్డు మీద అంటించిన కాగితంలోని వాక్యాలు నావి.

అది ఏళ్ల కిందట ఒక చిన్న హేతువాద మాసపత్రికకు రాసిన వ్యాసం. అమెరికాలో మనుషుల్ని కొని అమ్మిన దొరలు ఆదివారం చర్చిలో ముందు బెంచీల మీద కూర్చునేవారని, నల్లవాళ్లను మేడ మీది వసారాలోకి తోలేవారని, కొరడా దెబ్బకు కూడా బైబిల్లో వాక్యం వెతికిపెట్టిన పాదిరులు ఉండేవారని రాశాను. శిలువ పక్కన జెండా నిలబెట్టి ఓట్లు అడిగేవాళ్లు అక్కడ నేటికీ ఉన్నారని రాశాను. ప్రతి మాటకూ ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను.

కానీ ఆ కాగితం పైన ఎవరో కొత్తగా ఎర్ర అక్షరాలు చేర్చారు: "వీళ్ల మతం ఇదీ." కింద మరో వాక్యం: "మన బిల్డింగులో ప్రార్థనలు అవసరమా? వచ్చే వారం ఆదివారం పది గంటలకు మీటింగ్." పక్కనే కాపురం ఉంటున్నవాళ్ల జాబితా. అందులో మూడో అంతస్తులోని ఒక నంబరు చుట్టూ ఎర్ర సున్నా.

ఆ ఫ్లాటులో కిరాయికి ఉండేది సర్కారు దవాఖానలో పనిచేసే నర్సు. పాలమూరు వైపు పల్లె నుంచి వచ్చింది. శుక్రవారం సాయంత్రం తోటి నర్సులు నలుగురు వస్తారు. గంటసేపు పాడతారు, ప్రార్థన చేసుకుంటారు, టీ తాగి వెళ్లిపోతారు.

బోర్డు మీద నోటీసులు పెట్టే బిల్డింగు సెక్రటరీకి అబిడ్స్‌లో బట్టల దుకాణం ఉంది. నేరుగా అక్కడికే వెళ్లాను.

"మీరు రాసిందే గద సార్! ఒక్క అక్షరం మార్చలె. ఖుషీ కావాలె మీరు," అన్నాడు గుడ్డ మడతపెడుతూ.

"మార్చలేదు, సగం కోసేశారు. దానికి వెనక పుట ఉంది."

"జిరాక్సోడు ముందలిది కొట్టిండు. ఎనక ఏమున్నదో నేనేం జూస్త?" అని ఫోన్ నా ముందు పెట్టాడు. ఏదో అమెరికా చర్చి. పాదిరి ఒక నాయకుడి భుజం మీద చెయ్యి వేసి ప్రార్థిస్తున్నాడు. జనం జెండాలు ఊపుతున్నారు. "జర చూడున్రి. దేశం మాది, దేవుడు మా దిక్కు అని ఖుల్లా చెప్తున్నరు. గట్లుండాలె. మనకే సిగ్గు."

"వాళ్ల మతాన్ని తిట్టి కాగితం అంటించారు. వాళ్ల పద్ధతి మాత్రం నచ్చిందా?"

"మతం వాళ్లది సార్, తరీఖా అందరిది," అని నవ్వాడు.

ఆ నవ్వు విన్నాక నా తప్పు నాకు కనిపించింది. మా హేతువాద పెద్దలు వాదసభల్లో ఒక పద్ధతి నేర్పారు. ముందు దూరపు పాపం చెప్పు. శ్రోత చప్పట్లు కొడుతుండగా అదే వేలును అతని ఇంటి వైపు తిప్పు. అందుకే అమెరికాను ముందు పుటలో పెట్టాను. మన ఊళ్ల టీకొట్లలో కులాన్ని బట్టి పెట్టే రెండు గ్లాసులు, మన చర్చిల్లోనే వేరుగా కూర్చోబెట్టిన వరసలు, కిరాయి అడిగితే "మీరేమిట్లు?" అని కులం ఆరా తీసే ఇంటి యజమానులు వెనక పుటలో ఉన్నారు. వేలు తిరగకముందే పుట తెగింది.

నర్సు తలుపు తట్టాను. యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది.

"ఆ కాగితం నేను రాసిందే అమ్మా."

"తెల్సు సార్, పైన మీ పేరున్నది." ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "అమెరికా చర్చిల నన్ను ఏ బెంచీ మీద కూసోబెడ్తరో నాకు తెల్వది. మా ఊర్ల బాయి కాడ మా అవ్వను ఏడ నిలబెట్టిన్రో యాదున్నది. గందుకే ఆమె చర్చికి పోయింది. గది రాసిన్రా?"

"వెనక పుటలో రాశాను."

"మరి గా నల్లోళ్లు? గాళ్లు ఊకున్నరా?"

ఊరుకోలేదు. తమ చర్చిలు తామే కట్టుకున్నారు. సమాన హక్కుల కోసం ఎన్నోసార్లు ఆ చర్చిల గుమ్మాల నుంచే బయలుదేరారు. దాని గురించి నేను రాసింది ఒకే ఒక్క వాక్యం. చర్చికి ఆ మాత్రం పేరు దక్కడం కూడా నా హేతువాదానికి ఇష్టం లేకపోయింది. ఆమెకు ఆ మాట చెప్పి, మీటింగులో తన తరఫున మాట్లాడతానన్నాను.

"దేవుడు లేడంటరు. మరి మీటింగుల నా దిక్కు ఎవలి మీద ఒట్టేసి మాట్లాడ్తరు సార్?" అని నవ్వింది. నవ్వుతూనే కిటికీ మూసింది.

నా దగ్గరున్న ప్రతిని ఎప్పుడో చెదలు తినేశాయి. మర్నాడు ఆదివారం, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద మూసిన షట్టర్ల ముందు పుస్తకాలు పరిచే ముసలాయనను అడిగాను. "గా పత్రికనా? బందయ్యి ఎన్నేండ్లాయె! తూకానికి తెచ్చిన కట్టలున్నయి, దేవులాడుకోన్రి," అన్నాడు. రెండు గంటలు వెతికితే దొరికింది. వానకు అట్ట ఉబ్బింది కానీ వెనక పుట చెడలేదు. జిరాక్స్ తీయించి బోర్డు మీద అంటించాను.

సోమవారం పొద్దున్నకు నాలుగు మూలల ముక్కలే మిగిలాయి. ముందు పుట మాత్రం నలగకుండా అలాగే ఉంది.

ఆ తర్వాతి ఆదివారం మీటింగ్ కింద పార్కింగులో జరిగింది. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నర్సు వచ్చి రెండో వరసలో కూర్చుంది. ఆమెకు అటూ ఇటూ కుర్చీలు ఖాళీ. వెనక చాలామంది నిలబడే ఉన్నారు. నేను ముందుకు వెళ్లి వెనక పుట మొత్తం చదివాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎవరో మాత్రం, "సార్ చెప్పేది మంచిగనే ఉన్నది, గని మనకెందుకు లొల్లి?" అన్నారు. సెక్రటరీ గడియారం చూసుకుని, "సరే, వచ్చే నెల ఫైసలా చేద్దాం," అన్నాడు.

ఆమె ఇంకా ఇల్లు ఖాళీ చేయలేదు. శుక్రవారం నలుగురూ వస్తూనే ఉన్నారు. కానీ పాట లేదు. ఆ తలుపు ముందు నుంచి వెళ్తే టీ గ్లాసులు కింద పెట్టిన చప్పుడు వినిపిస్తుంది, అంతే. ప్రార్థనలు వాదనతో ఆగాలని జీవితమంతా కోరుకున్నాను. భయంతో ఆగితే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. ఎర్ర సున్నా అలాగే ఉంది. నిన్న మరో నంబరు కింద పెన్సిల్ గీత కనిపించింది.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం ఆ ఖాళీ కుర్చీ. అమెరికా బెంచీల గురించి అంత రాసిన నేను చదవడం అయ్యాక వెళ్లి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె పక్కన కూర్చోలేదు.

వచ్చే నెల కూర్చుంటాను. మీరు అంతవరకు ఆగకండి. ఇప్పుడే మెట్లు దిగి మీ బోర్డు చదవండి. ఏ నంబరు చుట్టూ సున్నా ఉన్నా మీ చేత్తో చెరిపేయండి. మీటింగ్ పెడితే, ఆ నంబరు మనిషి పక్క కుర్చీలో అందరికన్నా ముందు వెళ్లి కూర్చోండి.