రత్నమాల పొగ వైద్యం

కొండాపూర్‌లో ఉద్యోగాలు చేసే ఆడపిల్లల హాస్టల్‌లో రత్నమాల వంట చేస్తుంది. ఈమధ్య పొద్దున లేస్తూనే కుడికన్ను చేత్తో మూసుకుని, ఎడమకంటితో ఎదుటి మేడ మీద ఆరేసిన బట్టల్ని చూస్తోంది. రంగులు తెలిస్తే హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంటుంది. అదీ నోటితోనే. ముక్కు దిబ్బడేసి చాలా రోజులైంది.

ఎడమ చెంప బరువు. బియ్యం కడగడానికి వంగితే కంటి వెనక మేకు దిగినట్టు నొప్పి. అందరూ పడిశమన్నారు. ఆమెకు మాత్రం మరిది భాస్కర్ గుర్తొచ్చేవాడు. కరోనా కాలంలో అతనికీ ముక్కు దిబ్బడతోనే మొదలైంది. బ్లాక్ ఫంగస్ అనే బూజు కంటిదాకా పాకిందని దవాఖానలో కన్నే తీసేశారు. దవాఖానకు పోతే తన కన్నూ తీస్తారనుకుంది రత్నమాల.

అందుకే తన వైద్యం తానే చేసుకుంది. చిన్నప్పుడు తలంటు పోశాక అమ్మ సాంబ్రాణి పొగ పట్టేది, జలుబు పోతుందనేది. రత్నమాల సాయంత్రంపూట ఎల్లమ్మ పటం ముందు నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, దుప్పటి కప్పుకుని పొగంతా పీల్చేది. నొప్పి పెరిగితే ఇంకాస్త వేసేది. పైగా మందుల షాపులో కొన్న ముక్కు చుక్కలు. వేస్తే కాసేపు ఊపిరాడేది, మళ్లీ బిగుసుకునేది, మళ్లీ వేసేది.

ఆ ఆదివారం ఎడమ కనురెప్ప వాచింది. అద్దంలో చూసుకోగానే నిప్పుల కుంపటి అందుకుంది. సామాన్ల గదిలో తలుపేసుకుని పొగ పెట్టుకుంది. ఎవరో తలుపు తట్టారు. కాకినాడ పిల్ల ఉమాశ్రీ. రోజూ తన కంచం తానే కడిగి, "మీరు తిన్నారాండీ?" అని అడిగే పిల్ల.

"పొగేంటండీ రత్నమాల గారూ? తలుపు తీయండి!"

"ఏం లేదు బిడ్డా, జర పడిశం. నువ్వు పో."

"పడిశానికి ఏడుస్తారేంటండీ?"

తలుపు తెరుచుకుంది. "దవాఖానకు తోల్కపోకు బిడ్డా. నా కన్ను తీస్తరు."

"తీస్తే నాది ఇస్తాను, పదండి."

"అద్దాలు లేనిదే మెట్లు కనబడని కన్ను నీది. నాకేం పనికొస్తది?"

ఆటోలో ఉమాశ్రీ ఆమె చెయ్యి వదల్లేదు. రత్నమాల ఎల్లమ్మ పేరు వదల్లేదు.

డాక్టరమ్మ కన్ను అటూ ఇటూ తిప్పించింది, షుగర్ పరీక్ష చేయించింది, ముక్కులో సన్నటి గొట్టం పెట్టి చూసింది.

"బూజు కాదమ్మా. ముక్కు చుట్టూ ఎముకల్లో సైనస్ అని ఖాళీ గదులుంటాయి. వాటి దారులు వాచి మూసుకుపోతే లోపల చీము నిలుస్తుంది. నీకు అదే. మందులకు తగ్గాలి. ఇంత ముదిరేదాకా ఏం చేశావు?"

రత్నమాల అంతా చెప్పింది. డాక్టరమ్మ తల పట్టుకుంది.

"పొగ ఆ దారులు ఇంకా వాచేలా చేస్తుంది. ఆ చుక్కలు రోజుల తరబడి వేస్తే ముక్కు మరింత బిగుస్తుంది. రెండూ మానెయ్. రేపు మళ్లీ చూపించు. ఈలోగా వాపు పెరిగినా, ఒకటి రెండుగా కనబడినా వెంటనే రా. భయపడి ఇంట్లో కూర్చుంటేనే కంటికి ముప్పు."

సాయంత్రం పటం ముందు రత్నమాల తటపటాయించింది. "పొగెయ్యకుంటే తల్లికి కోపమొస్తదేమో?"

"అమ్మకు పొగెందుకండీ, మీరు చల్లగా ఉంటే చాలదూ?" అంటూ ఉమాశ్రీ దీపంలో నూనె పోసింది.

తెల్లారింది. వాపు తగ్గిందో లేదో తెలియలేదు. చేత్తో కుడికన్ను మూసుకుంది. ఎదుటి మేడ మీద పచ్చచీర ఒక్కటే ఆరేసి ఉంది. రెండు కళ్లూ తెరిచి చూసినా ఒక్కటిగానే కనబడింది. అయినా చెప్పులేసుకుని వెళ్లి, ఈసారి తానే ఉమాశ్రీ తలుపు తట్టింది.

"లే బిడ్డా. డాక్టరమ్మ రమ్మన్నది గద."